న్యూ ఆర్లీన్స్‌లో ఏ పూట ఏం తినాలి, రాత్రి ఎటు వెళ్లాలి

లూసియానా వెళ్లేవాళ్లు రెస్టారెంట్ల పేర్లు రాసుకుని వెళ్తారు. పేర్లకంటే ముందు చూసుకోవాల్సింది కేలెండరు. ఇక్కడ మంచి వంటకాల్లో సగానికి ఓ కాలమో, వారమో ఉంది.

క్రాఫిష్ సంగతే చూడండి. వరి మళ్లలో పెంచే, చిట్టి లాబ్‌స్టర్‌లా ఉండే జీవి ఇది. సీజన్ సుమారు జనవరి నుంచి జూన్ దాకా. మార్చి నుంచి మే వరకు ఒళ్లు చేసి ఉంటుంది, ధరా దిగుతుంది. అమ్మేది పౌండ్ల లెక్కన. మనిషికి మూడు పౌండ్లంటే ఎక్కువనిపిస్తుంది గానీ, పెంకులూ తలా పోగా మిగిలే కండ ఆరో వంతు కూడా ఉండదు. తలని ఒక చేత్తో, తోకని ఇంకో చేత్తో పట్టుకుని మెలితిప్పి విడదీయండి. తోక మొదట్లో ఒకటి రెండు పెంకులు ఒలిచి, చివర నొక్కిపట్టి లాగితే కండ ముక్కగా ఊడొస్తుంది. ఉడికించే నీళ్లలో కారం దండిగా పడుతుంది, కాబట్టి ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి. బంగాళదుంపలు, మొక్కజొన్న కండెలతో పాటు పంది సాసేజ్ కూడా తరచూ అదే గుండిగలో ఉడుకుతుంది.

పంది మాంసం తిననివాళ్లకు అసలు చిక్కంతా ఇక్కడే. ఈ వంటల్లో పంది మాంసం మనం పోపు వేసినట్టు పడుతుంది. సోమవారం వండే రెడ్ బీన్స్ అండ్ రైస్ పేరుకి రాజ్మా లాంటిదే. కానీ సోమవారం బట్టలుతికే రోజు కావడంతో, ఆదివారం మిగిలిన హామ్ ఎముక వేసి పొయ్యి మీద వదిలేసిన కాలం నుంచీ అందులో పంది ఉంటూనే ఉంది. అన్నంలో కలుపుకునే చిక్కటి పులుసు గంబో. ఆకుకూరల గంబోలోనూ చాలాచోట్ల మాంసమే. "మాంసం ఉందా?" అని అడిగితే సరిపోదు. స్టాక్ (వంటకు పోసే రసం) దేంతో కాచారు, హామ్ గానీ సాసేజ్ గానీ పంది కొవ్వు గానీ వేశారా అని విడివిడిగా అడగాలి.

మధ్యాహ్నానికి పోబాయ్ అనే పొడవాటి బ్రెడ్ శాండ్‌విచ్ చాలు. వేయించిన రొయ్యలతోనో క్యాట్‌ఫిష్‌తోనో తీసుకోండి. "డ్రెస్‌డ్?" అని అడిగితే లెట్యూస్, టమాటా, పికిల్స్, మయొనైజ్ వేయాలా అని. 1906 నాటి సెంట్రల్ గ్రోసరీ కొట్టులో పేరు మోసిన మఫలెటా (హామ్, సలామీ, చీజ్, ఆలివ్‌లు పెట్టిన గుండ్రటి పెద్ద శాండ్‌విచ్) సగం తీసుకున్నా ఇద్దరికి సరిపోతుంది. పచ్చి ఆయిస్టర్లు (చిప్పల్లో ఉండే సముద్ర జీవులు) ఎండాకాలంలో మానేయడం మేలు. పక్కనున్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో నీళ్లు వేడెక్కితే విబ్రియో బ్యాక్టీరియా పెరుగుతుంది, కాలేయ జబ్బున్నవాళ్లకు ప్రాణాపాయం. వెన్న, వెల్లుల్లి, చీజ్ వేసి నిప్పుల మీద కాల్చినవి తినండి. నా లెక్కలో రుచీ వాటిదే.

కెఫే డు మాండ్ అనే పాత కాఫీ హోటల్లో ప్లేటుకి మూడు బెన్యేలు, అంటే పంచదార పొడి చల్లిన పిండి వేపుళ్లు. కొరికేటప్పుడు ఊపిరి పీల్చారో, పంచదార పొడి గొంతులోకి పోతుంది. నల్ల చొక్కా వేసుకెళ్లకండి. గలటోయర్స్ లాంటి పాత భోజనశాలల్లో సాయంత్రం 5 దాటితే మగవాళ్లకు కోటు తప్పనిసరి.

బార్లు ఫలానా వేళకు మూయాలని ఇక్కడ చట్టం లేదు. ప్లాస్టిక్ కప్పులో మందు పట్టుకుని వీధిలో నడవచ్చు, గాజు గ్లాసుతో మాత్రం కుదరదు. కారులో అయితే లెక్క మారుతుంది. డ్రైవ్‌త్రూలో (కారు దిగకుండా కొనే కొట్టులో) కొన్న డాకిరీ, అంటే రమ్ము కలిపిన ఐసు పానీయం, కప్పు మూత తీసినా, స్ట్రా గుచ్చినా తెరిచిన మందు సీసాతో సమానం, కారులో అది నేరం. తాగే వయసు 21. మన డ్రైవింగ్ లైసెన్సును ఒప్పుకోని బార్లున్నాయి కాబట్టి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. హరికేన్ కాక్‌టెయిల్ తియ్యగా ఉంటుంది గనుక అందులోని రమ్ము మోతాదు తెలియదు. ఒకటితో ఆపండి.

బార్లతో నిండిన బోర్బన్ స్ట్రీట్‌ని ఓ చివర నుంచి ఇంకో చివరకు ఒకసారి నడిస్తే చాలు. సంగీతం కావాలంటే ఎస్ప్లనేడ్ అవెన్యూ దాటి ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌కి వెళ్లండి. కొన్ని క్లబ్బుల్లో టికెట్ ఉండదు, బదులుగా మనిషికి ఒక డ్రింక్ కొనాలి. వాద్యకారుల బకెట్ మీ ముందుకొస్తుంది, ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఉంచుకోండి. పిల్లలుంటే ప్రిజర్వేషన్ హాల్ అనే జాజ్ సంగీతశాల నయం. అక్కడ ఒక్కో ప్రదర్శన ముప్పావు గంటే.

బిల్లు మీద దాదాపు 10 శాతం పన్ను, ఆపై 18 నుంచి 20 శాతం టిప్. గుంపుగా వెళ్తే టిప్ ముందే కలిపేస్తుంటారు, చూడకపోతే రెండుసార్లు ఇస్తారు. రాత్రిళ్లు బోర్బన్ మీదికి కార్లు రానివ్వరు గనుక, రైడ్ బుక్ చేసేముందు మిసిసిపీ నది వైపు డెకేటర్ స్ట్రీట్ దాకా నడవండి.