నాలుగో వరుస, ఎనిమిదో బిళ్ల

నా ఆల్బమ్‌లో పెన్నీ రెడ్ అనే పాతకాలపు బ్రిటిష్ తపాలా బిళ్ల ఒకటి ఉంది. తోటి కలెక్టరు ఒకాయన మార్పిడిలో ఇచ్చారు. అరుదైనదేమీ కాదు. కత్తెరతో కత్తిరించిన బిళ్ల, కుడివైపు మార్జిన్ దాదాపు లేదు. విక్టోరియా రాణి బొమ్మ మీద నల్ల సిరాతో మాల్టీస్ క్రాస్ ముద్ర, అంటే బిళ్ల వాడేశారని తెలిపే శిలువ ఆకారపు గుర్తు. కింద ఎడమ మూలన డి, కుడి మూలన హెచ్. లండన్ వెళ్ళినప్పుడు ఒక రోజంతా పోస్టల్ మ్యూజియంలో గడిపింది ఆ రెండు అక్షరాల కోసమే.

అవి బిళ్లకు అడ్రసులాంటివి. అప్పటి షీటులో 20 వరుసలు, వరుసకు 12 చొప్పున మొత్తం 240 బిళ్లలు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు కాబట్టి షీటు విలువ సరిగ్గా ఒక పౌండు. ఎడమ అక్షరం ఎన్నో వరుసో చెబుతుంది, కుడి అక్షరం ఆ వరుసలో ఎన్నోదో చెబుతుంది. దొంగ బిళ్లలు అచ్చువేసేవాళ్ల పని కష్టం చేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. అంటే నాది నాలుగో వరుస, ఎనిమిదో బిళ్ల.

ముందు మ్యూజియం వాళ్ల మెయిల్ రైల్, అంటే పాత తపాలా రైలు ఎక్కాను. మౌంట్ ప్లెజెంట్ దగ్గర, నేలకు సుమారు 70 అడుగుల కింద, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాల్సినంత చిన్న రైలు. లండన్ రోడ్ల మీద రద్దీకి ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని ప్యాడింగ్టన్ నుంచి వైట్‌చాపెల్ దాకా సుమారు ఆరున్నర మైళ్ల సొరంగం తవ్వారు. 1927 నుంచి 2003 దాకా ఇందులో డ్రైవర్ లేని కరెంటు రైళ్లు ఉత్తరాల సంచులు మోశాయి. అంతకుముందే, మొదటి ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో, బ్రిటిష్ మ్యూజియం వాళ్లు 1917లో ప్రాచీన ఈజిప్టు లిపిని చదవడానికి తోడ్పడిన రోసెట్టా శిలను ఈ రైలు మార్గంలోని ఒక స్టేషన్‌లోనే దాచారు. ఆ చీకట్లో వెళ్తున్నంతసేపూ నేను ఆ రాతి గురించే ఆలోచించాను. రెండువేల ఏళ్ల నాటి రాత, ఉత్తరాలు తిరగాల్సిన చోట తలదాచుకుంది!

రోడ్డు దాటి గ్యాలరీలోకి వచ్చాక నాకు బాగా నచ్చింది మనుషులను పోస్టు చేసిన కథ. 1909 ఫిబ్రవరిలో ఓటు హక్కు కోసం పోరాడుతున్న డైసీ సాలమన్, ఎల్స్‌పెత్ మెక్‌క్లెలాండ్ అనే ఇద్దరు మహిళలు తమను తామే ప్రధాని ఆస్క్విత్‌కు పోస్టు చేసుకున్నారు. అప్పటి తపాలా నిబంధనల్లో అందుకు వీలుంది. తపాలా కుర్రాడు వాళ్లను వెంటబెట్టుకుని డౌనింగ్ స్ట్రీట్ దాకా తీసుకెళ్లాడు కూడా. లోపలివాళ్లు తీసుకోలేదు, ఆ 'ఉత్తరాలు' వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఎంత ధైర్యం! నిబంధనల పుస్తకాన్ని అంత తెలివిగా చదివినవాళ్లు అరుదు.

చివరికి పెన్నీ రెడ్‌కు ముందొచ్చిన నల్ల బిళ్ల, పెన్నీ బ్లాక్ షీటు ముందు నిలబడ్డాను. అంతకుముందు ఉత్తరం అందుకున్నవాళ్లే డబ్బు కట్టేవారు, అదీ దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి. పంపేవాళ్లే ముందు కట్టాలి, అర ఔన్సు బరువు దాకా ఎంత దూరమైనా ఒక్క పెన్నీ చాలు అని తపాలా సంస్కర్త రోలండ్ హిల్ వాదించి నెగ్గాడు. 1840 మే 6 నుంచి ఈ నల్ల బిళ్ల చెల్లుబాటైంది. కానీ నల్ల బిళ్ల మీద ఎర్ర ముద్ర సరిగా కనిపించేది కాదు, పైగా దాన్ని చెరిపేసి బిళ్లను మళ్లీ వాడే వీలుండేది. అందుకే ఏడాది తిరక్కుండానే, 1841లో, రంగులు తారుమారు చేశారు. బిళ్ల ఎరుపు, ముద్ర నలుపు. ప్లేట్లు కూడా అన్నీ కొత్తవి కావు, కొన్నిటితో ముందు నల్లవి, తర్వాత ఎర్రవి అచ్చువేశారు. అందరూ పెన్నీ బ్లాక్ కోసం ఆరాటపడతారు గానీ, ఆ పాఠం నేర్చుకుని పుట్టిన పెన్నీ రెడ్ అంటేనే నాకు మక్కువ.

అద్దానికి ముక్కు ఆనించినంత పనిచేసి లెక్కపెట్టాను. పై నుంచి ఎ, బి, సి, డి. ఎడమ నుంచి ఎనిమిది. డి-హెచ్ కనిపించింది! రంగు వేరే అయినా చోటు అదే. అటు డి-జి, ఇటు డి-ఐ. అన్నిటికీ చుట్టూ సన్నటి తెల్లని దారి. నా బిళ్లను కోసినవాళ్ల కత్తెర కుడివైపు దారిని వదిలేసి, నా డి-హెచ్ అంచునే ఆనుకుని నడిచిందన్నమాట. ఆ లెక్కన దాని పక్కన ఉన్న ఎర్ర డి-ఐ ఇంకా ఎవరి ఆల్బమ్‌లోనైనా మిగిలి ఉంటే, దాని ఎడమ మార్జిన్ చాలా వెడల్పుగా ఉండాలి. అప్పటినుంచి ఏ వేలం కేటలాగు తెరిచినా ఆ బిళ్ల కోసమే చూస్తున్నాను.