నా యాసే మాకు పనికొచ్చింది

ఈ దేశం వచ్చి యానిమేషన్ స్టూడియోలో చేరిన కొత్తలో నా ఇంగ్లిష్ యాస ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. అయినా ఆరు నిమిషాల షార్ట్ ఫిల్మ్ యానిమాటిక్‌కి, అంటే కచ్చా బొమ్మలు వరసగా పేర్చి చేసే నమూనా వీడియోకి, స్క్రాచ్ వాయిస్ నన్నే చెప్పమన్నారు. అసలు నటుడు వచ్చేదాకా టైమింగ్ కోసం టీమ్‌లో ఎవరో ఒకరు చదివేస్తారు, అంతే. రివ్యూలో నా మాటలు సగం ఎవరికీ ఎక్కలేదు. తమాషా ఏంటంటే, కథ మాత్రం అందరికీ అర్థమైంది. డైరెక్టర్ సౌండ్ తీసేసి మళ్లీ వేసింది. చాలా చోట్ల తేడానే లేదు. ఆ దండగ వాక్యాలన్నీ నేను పట్టుబట్టి పెట్టించినవే. భాష సరిగ్గా రానివాడి టెన్షన్ అది, ఎక్కడ అర్థం కాదో అని ఒకటికి రెండుసార్లు చెప్తాం.

ఒక షాట్‌లో ముసలాయన తలుపు గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా ఆగిపోతాడు. దాని మీద "తలుపు తియ్యడానికి ధైర్యం చాల్లేదు" అని వాయిస్. అది తీసేశాం. తీరా తీసేశాక షాట్ తేలిపోయింది, ఎందుకంటే మాట ఉంది కదా అని చెయ్యి ఆగడానికి నేనిచ్చింది 8 ఫ్రేములే, సెకనుకి 24 లెక్కన మూడో వంతు సెకను. దాన్ని 30 చేసి, మధ్యలో బొటనవేలు కాస్త జారేలా రెండు డ్రాయింగులు కలిపాను. బొత్తిగా కదలకపోతే మనిషి తటపటాయించినట్టు ఉండదు, ఫిల్మ్ ఇరుక్కున్నట్టు ఉంటుంది.

అలాగని వాయిసే వద్దనే వాళ్లతో నాకు పడదు. 1987లో ఫ్రెడెరిక్ బాక్ తీసిన 'ద మ్యాన్ హూ ప్లాంటెడ్ ట్రీస్' అరగంట సినిమాని ఒక్క గొంతే నడిపిస్తుంది. 2000లో వచ్చిన 'ఫాదర్ అండ్ డాటర్'లో ఒక్క మాట లేకుండా ఎనిమిది నిమిషాల్లో ఓ జీవితం గడిచిపోతుంది. రెండింటికీ ఆస్కార్ వచ్చింది. నాకైతే వాయిస్ బొమ్మలో లేనిదైనా చెప్పాలి, లేదంటే అబద్ధమైనా ఆడాలి.

మా సినిమా చివర్లో ముసలాయన కొడుక్కి రాసే ఉత్తరం వాయిస్‌లో వస్తుంది, "ఇక్కడ అంతా బాగానే ఉంది" అని. తెర మీద చూస్తే ఇంట్లో సామాను సగం సర్దేసి ఉంటుంది. ఆ లైన్ నాదే. జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకుని, ఫోన్‌లో అమ్మకి "బాగానే ఉన్నానమ్మా" అని నేను ఎన్నిసార్లు చెప్పలేదు!

అసలు నటుడు దాన్ని గొంతు పూడుకుపోయినట్టు చదివాడు. డైరెక్టర్ వద్దంది. మామూలుగా చెప్పమంది, కొంచెం తొందరగా, ఫోన్ పెట్టేసే ముందు చెప్పినట్టు. ఏడో టేక్‌కి కుదిరింది.