బాపు స్ప్లెండర్ స్టార్ట్ కాలేదు: స్పార్క్ ప్లగ్ వెంట పడిన నాలుగు ఆదివారాలు

మొదటి ఆదివారం

బండి 2003 మోడల్ హీరో హోండా స్ప్లెండర్, 97.2 సీసీ. బాపు, అంటే మా నాన్న, రిటైర్ అయ్యేదాకా దీని మీదే బడికి వెళ్లొచ్చాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత హనుమకొండ ఇంట్లో మెట్ల కింద టార్పాలిన్ కప్పి పెట్టాం. ఈ వానాకాలం అంతా కదల్లేదు. దీపావళి లోపు నడిపించాలని మొదలుపెట్టాను.

ముప్పై, నలభై కిక్కులు కొట్టాను. ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు. సైలెన్సర్ దగ్గర మాత్రం పెట్రోల్ వాసన గుప్పుమంది. బావ చూసి, "బ్యాటరీ పోయినట్టుంది బామ్మర్దీ, ముందు అది మార్చు" అన్నాడు. హారన్ మోగని మాట నిజమే. కానీ ఈ పాత స్ప్లెండర్‌లో స్పార్క్‌కి, అంటే పెట్రోల్‌ని అంటించే నిప్పురవ్వకి, బ్యాటరీతో పని లేదు. ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ దగ్గరి కాయిల్ నుంచే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టెకి కరెంటు వస్తుంది. బ్యాటరీ విప్పేసినా కిక్‌తో స్టార్ట్ కావాలి. అందుకని బ్యాటరీ ఖర్చు వాయిదా వేశాను.

బాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. "ఎన్ని కిక్కులు కొడతవురా, ముందు ప్లగ్ ఇప్పి చూడు" అన్నాడు.

ప్లగ్ విప్పే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో దులిపాను. ఈ పని మర్చిపోతే ఆ ఇసుకంతా నేరుగా సిలిండర్‌లో పడుతుంది. క్యాప్ లాగి, 16 మి.మీ. ప్లగ్ పానాతో తిప్పాను. ప్లగ్ మీద ఎన్‌జీకే సీ7హెచ్‌ఎస్‌ఏ అని ఉంది. మొదటి సీ అంటే థ్రెడ్ (మర) వ్యాసం 10 మి.మీ., 7 అంటే హీట్ రేంజ్ (ప్లగ్ తన వేడిని ఎంత తొందరగా వదిలేస్తుందో చెప్పే అంకె), హెచ్ అంటే థ్రెడ్ పొడవు 12.7 మి.మీ. కొత్తది కొనేటప్పుడు ఈ అక్షరాలన్నీ కలవాలి. థ్రెడ్ పొడవు ఎక్కువైతే ప్లగ్ కొస లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది.

ప్లగ్ మూతి తడిగా ఉంది. వేలితో తుడిచి వాసన చూశాను. పెట్రోలే. జిడ్డుగా మెరుస్తూ వేలికి అంటుకుంటే ఇంజిన్ ఆయిల్, అంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీల్స్ గానీ పోయినట్టు. పొడిగా మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా కాలిపోయి ఉంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోందన్నమాట. పొడిగా, శుభ్రంగా ఉండి బండి స్టార్ట్ కాకపోతే పెట్రోలే అందట్లేదు. మనది పెట్రోల్ తడి. సిలిండర్‌లోకి పెట్రోల్ వస్తోంది, కానీ అంటుకోవట్లేదు.

ఇక స్పార్క్ టెస్ట్. ప్లగ్‌ని తుడిచి, ఆరబెట్టి, క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒంటిని సిలిండర్ హెడ్‌కి ఆనించి కిక్ కొట్టాలి. అంతకుముందు ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూశాను, ఎందుకంటే కిక్ కొట్టినప్పుడు అందులోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ ఉంటుంది. ప్లగ్‌ని చేత్తో పట్టుకోకుండా రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకున్నాను. పగటి వెలుగులో స్పార్క్ కనపడదు కాబట్టి బండిని మెట్ల కింద నీడలోకి నెట్టి చూశాను. నాలుగు కిక్కులకు ఒకసారి, సన్నగా, నారింజ రంగులో ఒక మెరుపు. బాగున్న ప్లగ్ ప్రతి కిక్‌కీ చిటుక్కుమంటూ నీలంగా మెరవాలి.

రెండో ఆదివారం

అందరూ చేసే పనే నేనూ చేశాను. కొత్త ప్లగ్ కొన్నాను. బిగించే ముందు గ్యాప్ చూడాలి. ఈ ప్లగ్‌కి 0.6 నుంచి 0.7 మి.మీ. నా దగ్గర సన్నటి సందుల్ని కొలిచే ఫీలర్ గేజ్ ఉంది, అయినా బాపు తన పద్ధతి చూపించాడు. ఇనుము కోసే యాక్సా బ్లేడు విరిగిన ముక్క తీసుకుని, పళ్ల వైపు కాకుండా వీపు వైపు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య జొనిపాడు. కొద్దిగా రాసుకుంటూ వెళ్లింది. తర్వాత బ్లేడు వీపుని గేజ్‌తో కొలిస్తే సరిగ్గా 0.63 వచ్చింది. రోడ్డు మీద బండి ఆగితే ఈ ముక్క ఒక్కటి చాలు. పళ్ల వైపు మాత్రం కొద్దిగా అటూ ఇటూ వంచి ఉంటుంది, దాంతో కొలిస్తే గ్యాప్ తప్పుతుంది.

బిగించేటప్పుడు మొదట పానా వాడలేదు. చేతి వేళ్లతోనే చివరిదాకా తిప్పాను. హెడ్ అల్యూమినియం. థ్రెడ్ వంకరగా ఎక్కితే లేత్ వర్క్‌షాప్‌లో కొత్త థ్రెడ్ వేయించాల్సిందే. వాషర్ ఆనిన తర్వాత పానాతో అర చుట్టు. పాత ప్లగ్‌నే మళ్లీ బిగిస్తే అందులో పావు వంతు చాలు, వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కదా.

పెట్రోల్ కాక్ మూసి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ ఫుల్‌గా తిప్పి పట్టుకుని పది కిక్కులు కొట్టాను. లోపల నిండిన పెట్రోల్ బయటికి పోవడానికి. తర్వాత మామూలుగా కొడితే మూడో కిక్‌కి స్టార్ట్ అయింది! అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. కొత్త ప్లగ్ విప్పితే అదీ తడి.

అమ్మ "మెకానిక్‌కి ఇయ్యరాదురా" అంది. కొత్త ప్లగ్ కూడా తడిసిందంటే తప్పు ప్లగ్‌ది కాదు, దాని వెనకాల ఉంది. అది నేనే పట్టుకోవాలనిపించింది.

మూడో ఆదివారం

ఈరోజంతా మల్టీమీటర్‌తోనే.

పాత ప్లగ్: పై టెర్మినల్ నుంచి మధ్య ఎలక్ట్రోడ్‌కి దాదాపు 0 ఓమ్. ఇందులో రెసిస్టర్ (కరెంటుకి అడ్డుపడే భాగం) లేదు కాబట్టి సరిపోయింది. పేరులో ఆర్ అక్షరం ఉన్న ప్లగ్ అయితే కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తుంది, దాన్ని చూసి పాడైందనుకోకూడదు. టెర్మినల్ నుంచి ప్లగ్ ఒంటికి మీటర్ అసలు కదలకూడదు. నాకు 0.4 మెగా ఓమ్ చూపించింది. తెల్లటి పింగాణీ మీద పేరుకున్న మసి గుండా కరెంటు జారిపోతోందన్నమాట. దూకాల్సిన చోట దూకకుండా పక్కదారి పడుతోంది.

ఇక్కడ ఇంకో సంగతి. బయట గాలిలో స్పార్క్ వచ్చినంత మాత్రాన లోపల వస్తుందని నమ్మకూడదు. కంప్రెషన్‌లో నొక్కుకుపోయిన గాలి గుండా స్పార్క్ దూకాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజి కావాలి. బయటే నారింజ రంగులో నీరసంగా ఉన్న స్పార్క్ లోపల ఆరిపోతుంది. కొత్త ప్లగ్ ఆ రెండు నిమిషాలు నడిచింది పింగాణీ శుభ్రంగా ఉండబట్టే.

తర్వాత ప్లగ్ క్యాప్. తీగ మీద మర బిగించినట్టు ఉంటుంది, ఎడమ వైపు తిప్పితే ఊడి వస్తుంది. లోపల 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంది. మీటర్ పెడితే 5 చూపించి, క్యాప్‌ని కొద్దిగా కదిపితే 30 దాటి, ఇంకోసారి కదిపితే తీగ తెగినట్టు పూర్తిగా ఓపెన్ అయింది. టార్చ్ వేసి లోపలికి చూశాను. ప్లగ్ టెర్మినల్‌ని పట్టుకునే చిన్న స్ప్రింగ్ తుప్పు పట్టి గోధుమరంగు పొడి రాలుతోంది. తీగ చివర రాగి పోగులు పచ్చగా, తాకితే విరిగేలా ఉన్నాయి. మెట్ల కింద ఐదు నెలల తేమ!

తీగ చివర సుమారు 5 మి.మీ. కత్తిరించాను. కింద మెరిసే రాగి కనపడింది. కొత్త క్యాప్‌ని దాని మీద గట్టిగా తిప్పి బిగించాను. నీడలో ప్లగ్ ఆనించి కిక్ కొడితే చిటుక్కున శబ్దం, లావుగా నీలం మెరుపు, ప్రతి కిక్‌కీ. బాపుని పిలిచి చూపించాను. ఏమీ అనలేదు కానీ తనే ఇంకోసారి కొట్టమని సైగ చేశాడు.

పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్ గిన్నె అడుగున డ్రెయిన్ స్క్రూ వదిలి పాత పెట్రోల్ గాజు సీసాలోకి పట్టాను. వార్నిష్ వాసన, అడుగున నీటి బొట్లు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి ఉంచకూడదు. ట్యాంకు కూడా ఖాళీ చేసి రెండు లీటర్లు కొత్తది పోశాను. రెండో కిక్‌కి స్టార్ట్. పావుగంట ఆగలేదు.

నాలుగో ఆదివారం

వారమంతా పాల ప్యాకెట్‌కీ, కూరగాయలకీ వాడాను. ప్లగ్ విప్పితే తడి లేదు, కానీ పొడి మసి. రెండు కారణాలు దొరికాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే చోక్ లివర్ వెనక్కి వచ్చినట్టే కనిపిస్తోంది కానీ లోపలి పలక పూర్తిగా తెరుచుకోవట్లేదు, ఇరుసు దగ్గర జిడ్డు గట్టిపడింది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజ్ దుమ్ముతో అట్టలా అయింది. ఇరుసుని కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగాను. స్పాంజ్‌ని కిరోసిన్‌లో పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పట్టించి మళ్లీ పిండి పెట్టాను.

చిన్న చిన్న దూరాలు కూడా ఒక కారణమే. ప్లగ్ కొస వేడి 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి తనంతట తాను కాలిపోతుంది. వీధి చివరిదాకా వెళ్లొస్తే అంత వేడెక్కదు.

మసిని ఇత్తడి బ్రష్‌తో, పెట్రోల్‌తో శుభ్రం చేశాను. సాండ్ పేపర్ వాడలేదు. పింగాణీ మీద గీతలు పడితే వాటిలో మసి ఇంకా తొందరగా పేరుకుంటుంది. ప్లగ్‌ని మంటలో కాల్చి శుభ్రం చేసేవాళ్లను చూశాను. పక్కనే పెట్రోల్ ట్యాంకు పెట్టుకుని ఆ పని వద్దు.

తర్వాత వర్ధన్నపేట వైపు ఖమ్మం రోడ్డు మీద రానూపోనూ యాభై కిలోమీటర్లు దాటించాను. ఇంటి దగ్గరికొచ్చాక స్పీడులోనే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేశాను. ఐడ్లింగ్‌లో (బండి నిలబడి ఇంజిన్ తిరుగుతూ) ఉంచితే ఆ కాస్త సేపటి మసి అసలు రంగుని కప్పేస్తుంది. ఇంజిన్ చల్లారాక ప్లగ్ విప్పి బాపు చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు. పింగాణీ లేత ఇటుక రంగు. "మంచిగుంది. ఆ థ్రెడ్ల మీద తడి ఏందో చూడు" అన్నాడు.

పైన ఒకటి రెండు చుట్ల దగ్గర నూనె తడి ఉంది, మూతి దగ్గర లేదు. తుడిచి బిగించాను. ఇంకో వంద కిలోమీటర్లకు మళ్లీ విప్పి చూస్తాను. యాక్సా బ్లేడు ముక్క, 16 మి.మీ. పానా, ఒక కొత్త ప్లగ్ గుడ్డలో చుట్టి టూల్ బాక్స్‌లో పెట్టాను.