సంతకం పెట్టే ముందు: మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించిన అనుభవం

కొత్తగూడెంలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునేది) మాట ఎత్తితే 'మళ్లీ అదేనా?' అంటారు. 2024 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాను ప్రోత్సహిస్తామని నిర్మలా సీతారామన్ చెప్పినప్పుడు మా ఇంట్లో వినిపించిన మొదటి మాట కూడా అదే. అన్నది మా మరిది. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. టీకా వేయించాలని నాకు ఉంది. కానీ మా మరిది మాటను కొట్టిపారేసి ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. 2009లో అతను భద్రాచలం వైపు టీచరు. జరిగినదాన్ని దగ్గరి నుంచి చూసినవాడు.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. గుజరాత్‌లోని వడోదరలోనూ చేశారు. టీకా వేసుకున్నవారిలో ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. విచారణ జరిపిన కమిటీ ఐదు మరణాలకు టీకాతో సంబంధం లేదని, మిగతా రెండింటికీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువని తేల్చింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి.

అయితే సంగతి అక్కడితో ముగియలేదు. టీకా వేసిన ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలోని లెక్క చదివి నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. తల్లీ తండ్రీ ఊళ్లో బతికి ఉండగా, వాళ్ల బిడ్డకు ఇంజక్షన్ వేయడానికి వార్డెన్ సంతకం చాలనుకున్నారు!

"వదినా, మీరు టీకా మంచిదంటున్నారు, సరే. ఆ తల్లిదండ్రులను ఎవరైనా అడిగారా?" అన్నాడు మా మరిది. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. ఆ టీకా ఎవరినైనా చంపిందనడానికి ఆధారం లేదన్నది నిజం, ఆ తల్లిదండ్రులకు అన్యాయం జరిగిందన్నదీ నిజం. వాట్సాప్‌లో తిరిగే సందేశాలు మొదటిదాన్ని దాచేస్తాయి. టీకా గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు రెండోదాన్ని దాటేస్తారు. అందుకే మా ప్రాంతంలో ఈ చర్చ తెగదు. ఇక్కడి జనానికి సైన్సు తెలియదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. తమను ఒక్క మాట అడగకుండా తమ పిల్లల చేతికి సూది గుచ్చారన్న జ్ఞాపకం అజ్ఞానం ఎలా అవుతుంది?

అందుకని మా ఇంట్లో అందరూ అడగాలని, అందరికీ జవాబు దొరకాలని పట్టుబట్టాను. నా భర్తకు పెద్దగా అభ్యంతరం లేదు, డాక్టరు చెబితే చాలన్నారు. అసలు చర్చ అత్తమ్మతోనే. ఆవిడ వాదన నేను ఊహించనిది. "గర్భసంచికి రోగం వస్తే తీయించేస్తారు కదమ్మా, ఇప్పటినుంచే పసిదానికి సూదులెందుకు?" అన్నారు. ఆవిడకు ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు. ఆవిడ చెల్లెలికీ అంతే, తోడికోడలికీ అంతే. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. తెల్లబట్ట అవుతోందంటే, నడుము నొప్పంటే తీయించుకున్నవాళ్లు మా వీధిలోనే ఎంతమందో. ఆపరేషన్ అయ్యాక ఎముకలు నొప్పులని, ఒళ్లంతా సెగలని అత్తమ్మ పడిన బాధ నాకు తెలుసు. ఆ బాధనే గుర్తుచేశాను. "మీరు పడ్డది మీ మనవరాలు కూడా పడాలా?" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ, డాక్టరు దగ్గరికి తానూ వస్తానన్నారు.

పిల్లల డాక్టరమ్మ మాకు తొందర లేకుండా సమయమిచ్చారు. అత్తమ్మ నేరుగా అడిగేశారు, దీనివల్ల రేపు పిల్లలు పుట్టరట కదా అని. డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా కమిటీ 2017లో ఈ టీకాను సమీక్షించేనాటికే 27 కోట్లకు పైగా డోసులు పంపిణీ అయ్యాయని, సంతానలేమికి ఇది కారణమన్న ఆధారం ఎక్కడా దొరకలేదని చెప్పారు. టీకాలో వైరస్ పైపొరను పోలిన ప్రొటీన్ మాత్రమే ఉంటుందని, వైరస్ జన్యుపదార్థం ఉండదు కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు అంటుకోవడం అసాధ్యమని వివరించారు. పెళ్లి కుదిరాక వేయిస్తే సరిపోదా అన్న ప్రశ్నకు, "గోదావరి ఊళ్లోకి వచ్చాక కరకట్ట కడతామా అమ్మా?" అన్నారు. వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తి ఫలితం, పైగా ఈ వయసులో శరీరం బాగా స్పందిస్తుంది. అందుకే 14 ఏళ్ల వరకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 నిండితే మూడు.

ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది కదా అని నేను అడిగాను. నిజమే కానీ, మన దేశంలో అప్పటికి ఆమోదించిన పద్ధతి ప్రకారం తాను రెండు వేస్తానన్నారు. ఆ ఒక్క డోసు రుజువు వెనక మన కథే ఉందని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. 2010లో కేంద్రం ఆపమన్నప్పుడు, దేశంలో వేరేగా నడుస్తున్న మరో అధ్యయనం కూడా మధ్యలో నిలిచిపోయింది. దాంతో వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే ఆ ఒక్కటి కూడా దాదాపు అంతే రక్షణ ఇస్తోందని తేలింది.

మిగిలింది మా అమ్మాయి. సంతకం నాదే, కానీ చెయ్యి దానిది. వార్డెన్ల సంతకాల గురించి అంత బాధపడి, కన్నబిడ్డను అడగకుండా తీసుకెళ్లలేను. ఇది పెద్దయ్యాక స్త్రీ పురుషుల కలయిక వల్ల సోకే వైరస్ అని, చాలామందిలో దానంతటదే పోతుందని, కొందరిలో ఉండిపోయి ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారుతుందని, మన దేశంలో 2022లో దీనివల్ల దాదాపు 80 వేల మంది ఆడవాళ్లు చనిపోయారని అంచనా అని చెప్పాను. చెబుతున్నప్పుడు నాకే గొంతు తడబడింది. అది మాత్రం తడబడకుండా అడిగింది: "మరి తమ్ముడికి సోకదా?" సోకుతుంది. మగపిల్లలకూ ఈ టీకా ఉంది. ఈ ప్రశ్న మా ఇంట్లో పెద్దవాళ్లెవరికీ తట్టలేదు. ఇంత చర్చా ఆడపిల్లల చుట్టూనే ఎందుకు తిరుగుతుందో తల్లులంతా ఆలోచించాలి.

వేసవి సెలవుల్లో మొదటి డోసు వేయించాం. మన దేశంలో తయారైన సెర్వావ్యాక్, అప్పుడు డోసు 2,000 రూపాయలు. పరగడుపున కాకుండా టిఫిన్ పెట్టి తీసుకెళ్లాను. సీసా మీది పేరు, గడువు తేదీ చూపించమని అడిగితే డాక్టరమ్మ సంతోషంగా చూపించి, బ్యాచ్ నంబరు కార్డు మీద రాసిచ్చారు. కొందరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు కాబట్టి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. భుజం నొప్పి రెండు రోజులుంది, జ్వరం రాలేదు. నవంబరులో రెండోదీ అయిపోయింది. టీకా పడ్డా ముప్పై ఏళ్లు దాటాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాల్సిందేనని కార్డు వెనక రాసి పెట్టుకున్నాను. ఆ పరీక్ష నేనెప్పుడు చేయించుకుంటానని డాక్టరమ్మ అడిగారు, అదీ చేయించుకున్నాను.

మా మరిది తన కూతురికి ఇంకా ఒప్పుకోలేదు. నేను బలవంతపెట్టడం లేదు. నివేదికలో ఆ లెక్కలున్న పేజీలూ, డాక్టరమ్మ ఫోన్ నంబరూ ఇచ్చాను. ఆ పిల్లకు వచ్చే ఆగస్టులో పదిహేను నిండుతాయని, ఆ తర్వాత మూడు డోసులు పడతాయని మాత్రం చెప్పాను. ఈ ఆదివారం డాక్టరమ్మతో మాట్లాడతానన్నాడు, పిల్లను కూడా వెంట తీసుకెళ్లమన్నాను.