అనిర్వేదం తరువాతి సర్గ

'అనిర్వేదః శ్రియో మూలం, అనిర్వేదః పరం సుఖమ్' అన్న శ్లోకపాదాలు ఈ మధ్య కోచింగ్ సెంటర్ల గోడల మీదా, తెల్లవారుతూనే ఫోన్లకు వచ్చి పడే శుభోదయం బొమ్మల కిందా, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల ముగింపులోనూ తరచుగా కనిపిస్తున్నాయి. ఆంజనేయస్వామి మాట పదిమంది నోళ్లలో నానడం సంతోషించవలసిన విషయమే. అయితే ఆ శ్లోకాన్ని దాని చోటు నుంచి పెకలించి తెచ్చి, కష్టంలో ఉన్న మనిషి చేతిలో జ్వరం మాత్ర పెట్టినట్టు పెట్టి పంపించడం చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. వాల్మీకి మహర్షి ఆ మాటను ఎక్కడ ఉంచాడో, దాని వెనుక ఏమి రాశాడో ఓపికగా చదివినవారు దానిని అంత తేలికగా వాడలేరు.

అది సుందరకాండలో పన్నెండవ సర్గ. అప్పటికి లంకలో రాత్రి చాలా భాగం గడిచిపోయింది. మండోదరిని చూసి సీతమ్మ తల్లేననుకుని పొంగిపోయి, తోకను ముద్దాడి, స్తంభాలెక్కి దూకిన స్వామి, రాముడిని ఎడబాసిన తల్లి ఇలా నిద్రపోతుందా, ఇలా అలంకరించుకుంటుందా అని తనను తాను దిద్దుకున్నాడు. పానశాల వెతికాడు, లతాగృహాలు వెతికాడు, చిత్రగృహాలు వెతికాడు. ఎక్కడా తల్లి జాడ లేదు. గుండెలో దిగులు మొదలైంది. ఆ దిగులును తోసిపుచ్చడానికి ఆయన తనకు తాను చెప్పుకున్న మాటే అనిర్వేదం. నిరుత్సాహపడకపోవడమే సంపదకు మూలం, అదే పరమ సుఖం, అదే అన్ని పనులలోనూ మనిషిని ముందుకు నడిపించేది. ఉపన్యాసకులు ఇక్కడితో ఆగిపోతారు, చప్పట్లు మోగుతాయి.

మహర్షి మాత్రం ఆగలేదు. ధైర్యం చెప్పుకున్న స్వామి మళ్లీ లేచి వెతికాడు. తలుపులు తెరిచాడు, మూశాడు, ఎక్కాడు, దిగాడు. 'చతురంగులమాత్రోఽపి నావకాశః స విద్యతే' అంటాడు కవి. రావణుడి అంతఃపురంలో స్వామి చూడకుండా వదిలిన చోటు నాలుగు వేళ్ల మేర కూడా లేదట. అంత నిష్ఠగా, లోపమన్నది లేకుండా వెతికినా సీతమ్మ కనిపించలేదు. ఆ తరువాత వచ్చే పదమూడవ సర్గలో స్వామి పడిన వేదన ముందు, పన్నెండవ సర్గలోని దిగులు ఏపాటిదీ కాదు. అనిర్వేద శ్లోకం గెలుపుకు ముందు చెప్పిన మాట కానే కాదు. ఇంకా పెద్ద ఓటమికి ముందు చెప్పిన మాట అది. ఈ ఒక్క వరుసను గుర్తుపెట్టుకుంటే కాండ మొత్తం వేరుగా అర్థమవుతుంది.

కథల నడకను పరిశీలించేవారికి జోసెఫ్ కాంప్‌బెల్ పేరు తెలిసే ఉంటుంది. స్వామి నిఖిలానంద చేసిన శ్రీరామకృష్ణ కథామృతం ఆంగ్లానువాదానికి సంపాదక సహాయం చేసిన పండితుడాయన. మన ఉపనిషత్తుల గాలి సోకినవాడు. అన్ని దేశాల పురాణాలలోనూ వీరుడి ప్రయాణం ఒకే దారిలో సాగుతుందని 1949లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. వీరుడికి ఒక పిలుపు వస్తుంది, మొదట వెనుకాడతాడు, ఒక పెద్ద దిక్కు ధైర్యమిస్తే గడప దాటుతాడు, పరీక్షలు ఎదుర్కొంటాడు, తిమింగలం కడుపు వంటి చీకటిలో పడతాడు, చివరకు ఒక వరాన్ని సంపాదించి తనవారి దగ్గరకు తిరిగి వస్తాడు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రానికి ఆ గ్రంథం తోడ్పడిందని దాని దర్శకుడు జార్జ్ లూకాస్ చెప్పిన తరువాత, సినిమా కథకులకు అది పాఠ్యపుస్తకం వంటిదైంది. మనకు ఇది కొత్తగా తోచదు. సముద్రతీరాన మౌనంగా కూర్చున్న ఆంజనేయుడికి జాంబవంతుడు బలాన్ని గుర్తుచేయడం, సురస నోటిలో దూరి బయటకు రావడం, సింహికను చీల్చడం, లంకిణిని గెలిచి గోడ దాటడం చిన్నప్పటి నుంచి వింటున్న కథే కదా.

మన సినిమాలు కూడా ఈ దారిలోనే నడిచాయి. 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోట రాముడు భైరవి ప్రతిమను సాధించి, మేడ కట్టించి, ఇక పెళ్లే తరువాయి అనుకున్న సమయంలో, మళ్లీ బతికి వచ్చిన మాంత్రికుడు ప్రతిమనూ మేడనూ రాకుమారినీ ఎత్తుకుపోతాడు. అన్నీ పోయిన తరువాత మిత్రుడు అంజిని వెంటబెట్టుకుని మళ్లీ బయలుదేరిన ఆ తోటవాడి కొడుకును మూడు తరాల తెలుగువారు తమవాడనుకున్నారు. సినిమాలో వీరుడిని చూసి కన్నీళ్లు పెట్టుకోవడం తప్పని నేను అనను. మన కష్టానికి ఒక ఆకారం దొరికినందుకే ఆ కన్నీళ్లు వస్తాయి. నా బాధ మరొకటి. సినిమాకు మూడు గంటలే ఉంటాయి గనుక ఓటమికి అది ఇవ్వగలిగేది ఒక పాట, మహా అయితే రెండు సన్నివేశాలు. తెర మీద అలా చూసీ చూసీ, నిజ జీవితంలోని ఓటమి కూడా ఒక పాట నిడివిలో అయిపోవాలని మనం ఆశపడుతున్నాం. అలా అవకపోతే మన కథలో ఏదో లోపముందని కుంగిపోతున్నాం.

మా మేనల్లుడు ఈ మాటనే మరో విధంగా అన్నాడు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లో ప్రిలిమ్స్, మెయిన్స్ దాటి ఇంటర్వ్యూ దగ్గర పదేపదే ఆగిపోతున్న పిల్లవాడు. గడిచిన ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణకు నాతో వచ్చాడు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం మీదుగా హనుమంతవాక దాటే వరకు మా మధ్య మాటలు లేవు. అప్పుఘర్ దగ్గర, కొందరు సముద్రస్నానానికి దిగుతుంటే, మేము ఒక పక్కగా కూర్చున్నాం. అతని మడమ మీద పొక్కు చితికి, తడి ఇసుక అందులో అంటుకుని ఉంది. ఎవరో భక్తులు పంచుతున్న మజ్జిగ గ్లాసు పట్టుకుని, దానిని తాగకుండా, "సినిమాలో ఓటమికి ఇంటర్వెల్ వరకే ఆయుష్షు మావయ్యా. నా ఇంటర్వెల్ ఎప్పుడో అయిపోయింది, సెకండాఫ్ మాత్రం మొదలవడం లేదు" అన్నాడు. నలుగురూ అనే మాటలు నా నోటి దాకా వచ్చాయి. అనిర్వేద శ్లోకం కూడా వచ్చింది. అయితే అంతకు ముందు వారమే ఇంట్లో పదమూడవ సర్గ చదివి ఉన్నందువల్ల, ముప్పై రెండు కిలోమీటర్ల దారిలో మిగిలిన భాగమంతా అతనికి ఆ సర్గనే చెబుతూ నడిచాను.

ఆ సర్గలో స్వామి విమానం దిగి ప్రాకారం మీదకు చేరతాడు. కదలికలో మేఘాల మధ్య మెరుపులాగే ఉన్నాడు, లోపల మాత్రం కటిక చీకటి. ఎత్తుకొస్తున్నప్పుడు తల్లి సముద్రంలో పడిపోయిందేమో, రావణుడి చేతుల్లో నలిగి ప్రాణం విడిచిందేమో, రాక్షస స్త్రీలు భక్షించారేమో అని ఒకదాని వెంట ఒకటిగా చెడు ఊహలు వస్తాయి. ఈ సంగతి రాముడికి చెబితే తప్పు, చెప్పకపోయినా తప్పు. సీత కనిపించలేదన్న మాట వింటే రాముడు బతకడు, రాముడు పోతే లక్ష్మణుడు, ఆ వార్త విని భరతుడు, భరతుడి వెంట శత్రుఘ్నుడు, బిడ్డలను చూసి కౌసల్య, సుమిత్ర, కైకేయి, ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరకులమంతా. ఒక్క వైఫల్యం నుంచి ఎంత పొడవైన మరణాల వరుస అల్లుకుందో చూడండి. పరీక్ష తప్పిన పిల్లవాడు, వ్యాపారంలో దెబ్బతిన్న యజమాని, పెళ్లి చెడిపోయిన ఆడపిల్ల రాత్రిపూట పడుకుని చేసే ఆలోచన అచ్చంగా ఇదే. నా ఒక్క ఓటమి వల్ల నా వాళ్లందరూ నాశనమైపోతారు అన్న ఆలోచన. మహర్షి దానిని ఒక్క వాక్యంలో దాటవేయకుండా, శ్లోకం తరువాత శ్లోకంగా, ఒక్కొక్క పేరూ చెప్పి రాశాడు.

స్వామి ఇంకా కిందకు దిగాడు. కిష్కింధకు తిరిగి వెళ్లనే వెళ్లను, దొరికినది తింటూ చెట్టు కింద వానప్రస్థుడిగా ఉండిపోతాను, లేదంటే చితి పేర్చుకుంటాను అన్నాడు. నవవ్యాకరణ పండితుడు, చిరంజీవి, రామనామమే ఊపిరిగా ఉన్నవాడు ఈ మాట అన్నాడు. భక్తి ఉంటే నిరాశ రాదని చెప్పేవారు ఈ శ్లోకాల దగ్గర ఒక్క నిమిషం నిలబడాలి. స్వామికే వచ్చిన నిరాశ మన ఇంటి పిల్లలకు వస్తే అది వారి భక్తిలో కొరతగా ఎంచి మందలించడం ఎంత అన్యాయం! వారి పక్కన కూర్చోండి. ఆ రాత్రి లంకలో ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు.

అంత లోతు నుంచి ఆయనను ఆపిన మాట చాలా చిన్నది. 'వినాశే బహవో దోషాః.' చావులో దోషాలు చాలా ఉన్నాయి, బతికి ఉన్నవాడు ఎప్పటికైనా మేలు పొందుతాడు, కాబట్టి ప్రాణాలు నిలుపుకుంటాను అన్నాడు. ఇందులో ఆవేశం లేదు. తెర మీద వీరుడు లేచేటప్పుడు మోగే వాద్యాల హోరు లేదు. తరువాత కోపం వచ్చింది, రావణుడినే చంపుతాననీ, లేకపోతే పశువులాగా ఈడ్చుకుపోయి రాముడికి అప్పగిస్తాననీ అనుకున్నాడు. ఆ కోపమూ నిలవలేదు. అప్పుడు పెద్ద పెద్ద చెట్లున్న ఒక తోట కంటబడింది. 'న హీయం విచితా మయా.' దీనిని నేను ఇంకా వెతకలేదు కదా!

నాకు సుందరకాండ మొత్తంలో ఇంతకంటే దయగల పాదం కనిపించదు. అంతఃపురంలో నాలుగు వేళ్ల చోటు కూడా వదలని స్వామికి, తాను వెతికినది అంతఃపురాన్ని మాత్రమేనని అప్పుడు తెలిసింది. ఆయన శ్రమలో లోపం లేదు, బలంలో లోపం లేదు, తల్లి అక్కడ లేదు, అంతే. వెతికిన చోటునే ఇంకా గట్టిగా వెతకమని రామానుగ్రహం ఆయనకు చెప్పలేదు. వెతకని చోటును చూపించింది. ఆ చూపు దొరికే వరకు నిరాశను అనుభవించవలసిందే, ప్రాణాన్ని మాత్రం పట్టుకుని ఉండవలసిందే.

ఆ తోటలోకి కూడా ఆయన వెంటనే దూకలేదు. 'నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ దేవ్యై చ తస్యై జనకాత్మజాయై' అని నమస్కరించాడు. రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకు, సూర్యచంద్రులకు, మరుద్గణాలకు మొక్కాడు. ఇంకా కనిపించని తల్లికి కూడా ఆ మొక్కులో చోటుంది. శతయోజనాల సముద్రాన్ని దాటిన కాలు, ఆ తోట గోడ దాటడానికి ముందు ఆగి మొక్కింది. పదమూడవ సర్గ కలిగించిన వినయం అది.

కాంప్‌బెల్ చెప్పిన ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చేది తిరిగి రావడం. సంపాదించిన వరం వీరుడి ఒక్కడి సొత్తు కాకూడదు. 1983లో విశ్వనాథ్ గారు తీసిన 'సాగర సంగమం'లో నాట్యకళాకారుడు బాలకృష్ణకు నాట్యోత్సవ వేదిక చేతికి అందే వేళ తల్లి మరణిస్తుంది, ఆ అవకాశం మళ్లీ రాదు. అతని విద్య చివరకు శిష్యురాలు శైలజ పాదాలలో వెలుగుతుంది. లెక్క ప్రకారం అతడు ఓడిపోయినవాడే, అయినా తెలుగువారు అతడిని ఓడినవాడిగా తలచుకోరు. స్వామి కూడా ఈ దారి పడినది తనకోసం కాదు. మహేంద్రగిరి మీదకు తిరిగి వచ్చి, ఎదురుచూస్తున్న వానరులకు మొదట చెప్పిన మాట 'దృష్టా సీతా'. తన కష్టం, తన లంఘనం, తన ప్రతాపం అన్నీ తరువాత. ఎదురుచూస్తున్నవారి ప్రాణం నిలిపే మాట ముందు.

మా మేనల్లుడి సంగతి అడుగుతారేమో. అతనికి ఇంకా ఉద్యోగం రాలేదు. రాసిన పుస్తకాలే మళ్లీ రాస్తూ, గదిలో ఒంటరిగా చదివే ఆ పిల్లవాడు, కొత్తవారి ముందు గొంతెత్తి మాట్లాడటం అన్న తోటలోకి ఇంతవరకూ అడుగుపెట్టలేదని గ్రహించాడు. ఇప్పుడు మాధవధారలో మా ఇంట జరిగే మంగళవారం పారాయణలో, పెద్దల మధ్య కూర్చుని పైకి చదువుతున్నాడు. మొదటి రోజు 'చతురంగుల' దగ్గర తడబడ్డాడు, ఎవరూ నవ్వలేదు.

పారాయణ చేసే తల్లులకు, అయ్యలకు నా విన్నపం ఒకటి ఉంది. పదమూడవ సర్గ రాగానే గొంతు తగ్గించి, వేగం పెంచి దాటవేయడం చాలా చోట్ల చూస్తున్నాను. మరణాల ప్రస్తావన ఉంది గనుక ఇంట్లో చదవకూడదన్నవారూ ఉన్నారు. అలా వదిలేస్తే 'నమోఽస్తు రామాయ' కూడా పోతుంది, ఆ శ్లోకం ఉన్నది ఆ సర్గలోనే. పన్నెండు దగ్గర విరామం పెట్టుకోకండి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను ఒకే ఆసనం మీద చదవండి. సంధ్యావందనానికి తల్లి ఈ నీటి దగ్గరకు తప్పక వస్తుందని స్వామి చెట్టెక్కి ఎదురుచూడటం, శుక్లపక్షం తొలిరోజుల చంద్రరేఖలా చిక్కిన సీతమ్మను చూడటం పూర్తయ్యాకే నైవేద్యం పెట్టండి. ఇంట్లో దెబ్బతిన్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఆ రోజు పుస్తకం వారి చేతికి ఇచ్చి పదమూడవ సర్గ వారి చేతనే చదివించండి.