చేర్యాల ఎరుపు అడుగున ఉండదు

తెలంగాణలోని చేర్యాలలో కథ చెప్పడానికి గుడ్డమీద వేసే బొమ్మల చుట్ట చేర్యాల పటం. చూడగానే ముందు కంటికి తగిలేది ఎరుపు. ఈ పటాన్ని ఇంట్లో వేయబోయేవాళ్ళు చాలామంది గుడ్డంతా ముందే ఎర్రగా పూసి దానిమీద బొమ్మ మొదలుపెడతారు. అంతే, పసుపు కావిరంగులోకి తిరుగుతుంది, నీలం మురికిపడుతుంది. తరతరాలుగా ఈ పటాలు వేసే నకాషీల పద్ధతి వేరు. తెల్లటి పూత మీద ముందు బొమ్మల గీత, ఆ తర్వాత గీత బయట మిగిలిన జాగాలో మాత్రమే ఎరుపు. బొమ్మ కింద ఎప్పుడూ తెలుపే ఉంటుంది కాబట్టి రంగులు అంతలా పలుకుతాయి.

ఐరోపా పాత చిత్రకారుల ఎరుపు అడుగున ఉండేది. మధ్యయుగపు చెక్క పలకల మీద బంగారు రేకు అతికించే ముందు నున్నటి ఎర్రమట్టి పూసేవారు. మెరుగు పెట్టడానికి అది మెత్తటి ఆసరా, పల్చటి రేకుకు వెచ్చదనం కూడా. రేకు అరిగినచోట ఆ మట్టి ఇప్పటికీ బయటపడి కనిపిస్తుంది. ఇటలీ చిత్రకారుడు కారవాజియో అయితే ముదురు గోధుమరంగు పూత మీదే మొదలుపెట్టి, నీడల్ని చాలాచోట్ల ఆ పూతకే వదిలేశాడు. చేర్యాల పటంలో నీడే లేదు. అందుకే ఐరోపా పద్ధతినీ చేర్యాల పద్ధతినీ కలిపితే ఏదీ కుదరదని నా అభిప్రాయం.

అసలు కష్టమంతా తెల్ల పూతలో ఉంది. ముతక ఖాదీ గుడ్డకు ముందు గంజి పెట్టి బిగించి ఆరబెట్టాలి. చింతగింజలు వేయించి పొట్టు తీసి (అష్టాచమ్మాకు దాచుకున్నవి కాకుండా), పప్పును రాత్రంతా నానబెట్టి రుబ్బాలి. 50 గ్రాముల పప్పుకు అర లీటరు నీళ్ళు పోసి, అడుగంటకుండా కలుపుతూ చిక్కబడేదాకా ఉడికించి వడకట్టాలి. ఇందులో జల్లించిన సుద్దమట్టి, కాస్త బంక నీళ్ళు కలిపి దోసెపిండి జారుడుకు తేవాలి. నకాషీలు తిరుమణి చెట్టు బంక వాడతారు. అది దొరక్కపోతే హైదరాబాద్ బేగంబజార్‌లో తుమ్మబంక తెచ్చుకోండి, చిన్న పటానికి ఇబ్బంది లేదు.

మూడు పూతలు వేయాలి, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. ఆరిన గుడ్డ అంచును పెన్సిల్‌కు చుట్టి చూడండి. పగిలితే బంక ఎక్కువైంది, లేదా పూత మందమైంది. వేలితో రుద్దితే తెల్లగా అంటుకుంటే బంక చాల్లేదు. హైదరాబాద్ వానాకాలంలో ఇంకో బెడద: చింతగింజల జిగురు రెండు రోజుల్లో పులిసి వాసన కొడుతుంది, సగం ఆరిన గుడ్డకు బూజు పడుతుంది. ఏ పూటకు ఆ పూటే ఉడికించుకోవాలి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి.

గీతకు పెన్సిల్ వద్దు, చెరిపితే మట్టి లేస్తుంది. పల్చటి ఎరుపుతో నేరుగా కుంచెతోనే గీయాలి. తర్వాత చుట్టూ నింపే ఎరుపు చిక్కగా ఉండాలి, ఒక వైపుకే లాగాలి. అటూ ఇటూ రుద్దితే అడుగు తెలుపు కరిగి గులాబీ చారలొస్తాయి. పాతకాలంలో ఈ ఎరుపు ఇంగిలీకం. పదహారో శతాబ్దపు చిత్రకారుడు టిషియన్ కాలపు ఇటలీలో వాడిందీ అదే, పాదరసం, గంధకం కలిసిన పదార్థం. ఇంట్లో దాని జోలికి పోవద్దు, పోస్టర్ కలర్ చాలు.

ఎరుపు ఆరాక ఒళ్ళు, బట్టలు, నగలు వరసగా. దేవుళ్ళకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు, మామూలు మనుషులకు గులాబీ ఛాయ. ఇది అలంకారం కోసం పెట్టింది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ళు రాత్రిపూట పటం విప్పి కథ నడిపేవారు. వెనక కూర్చున్నవాడికి కూడా ఎవరెవరో రంగును బట్టే తెలియాలి. ఒంటిరంగును సహజంగా కలపబోతే ఆ గుర్తు చెడిపోతుంది.

చివర్లో నల్లగీత. ఎరుపుకూ బొమ్మకూ మధ్య వెంట్రుకవాసి తెలుపు మిగిలితే కంగారుపడి ముందే పూడ్చకండి, నల్లగీత దాన్ని కప్పేస్తుంది. పాతబడ్డ పటాల్ని నదిలో నిమజ్జనం చేసేవారు, అందుకే పాతవి మిగిలింది తక్కువ. మిగిలిన ఏ పటమైనా కంటబడితే దూరం నుంచి చూసి వచ్చేయకండి. నల్లగీత ఎరుపు అంచును తప్పి అటూ ఇటూ ఎక్కడ జరిగిందో దగ్గరికెళ్ళి వెతకండి, కింద తెలుపు అక్కడ దొరుకుతుంది.