అమావాస్య నాటి వెన్నెల

1916 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధంలో భాగంగా ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం ఇంకా సాగుతుండగానే, బ్రిటన్‌లో దానిమీద ఒక డాక్యుమెంటరీ విడుదలైంది. జనం విరగబడి చూశారు. అందులో అందరికీ గుర్తుండిపోయిన దృశ్యం ఒకటుంది. సైనికులు కందకంలోంచి పైకెక్కుతారు. ఒకడు గట్టు దాటకుండానే వెనక్కి జారిపోతాడు. మిగతావాళ్ళు పొగలో కలిసిపోతారు.

ఆ దృశ్యం నటించి తీసింది. యుద్ధరంగానికి దూరంగా, సైనికులకి శిక్షణ ఇచ్చేచోట తీశారు. జూలై 1న నిజంగా దాడి మొదలైనప్పుడు కెమెరాకి దొరికింది మాత్రం ఎక్కడో దూరాన నేల మీద కదులుతున్న నలుసులు. ఆ ఒక్క రోజున బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఆ నలుసుల్ని చూస్తుంటే ఎవరికీ ఏమీ అవుతున్నట్టే ఉండదు.

ఈ సంగతి నాకు మింగుడుపడదు. కథలు రాసేదాన్ని కాబట్టి ఇంకా మింగుడుపడదు. ఏ క్షణం ఎక్కడ పెడితే చదివేవాళ్ళ గుండె జల్లుమంటుందో నాకు తెలుసు. ఆ తెలివితోనే శిక్షణ మైదానంలో కెమెరా పెట్టినవాడు కూడా పనిచేశాడు.

ఇప్పుడు మా బాబాయి జ్ఞాపకాలు రాసిపెట్టే పనిలో ఉన్నాను. బాబాయి సైన్యంలో లారీ డ్రైవరు. 1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, పశ్చిమ సరిహద్దులో శక్తిమాన్ లారీలో ఫిరంగి గుండ్లు మోసుకెళ్ళి ముందున్నవాళ్ళకి అందించేవాడు. ఆయన దగ్గర ఒక కథ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. లైట్లు ఆర్పేసి మందుపాతరల మధ్య దారిలో బండి నడిపిన కథ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకి కొట్టినపిండి. పిల్లలు "తర్వాత?" అంటారు. గుండ్లు చేరతాయి, 17వ తేదీ రాత్రి కాల్పులు ఆగిపోతాయి, కథ కంచికి పోతుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అది ఆయన్ని రాత్రిళ్ళు లేపే కథ కాదు.

లేపేది ఇంకొకటి. అది ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో మొదలవుతుంది: "ఆ కుర్రాడు బతకలేదమ్మా."

గుండ్లు దించేశాక ఖాళీ లారీలో గాయపడినవాళ్ళని వెనక్కి తెచ్చేవాడు. ఒక రాత్రి వెనకాల పడుకున్న కుర్రాడు, బండి కుదిపినప్పుడల్లా "ధీరే భయ్యా, ధీరే" అంటున్నాడు. పక్క సీట్లో హవల్దారు "జల్దీ, జల్దీ" అంటున్నాడు. "ఒకడు మెల్లగా అంటాడు, ఒకడు తొందరగా అంటాడు. ఎవరి మాట వింటే బతికేవాడో నాకు ఇప్పటికీ తెలీదు" అంటాడు బాబాయి. వెనకనుంచి ఆ గొంతు ఎప్పుడు ఆగిపోయిందో ఆయన గమనించలేదు. దించేటప్పుడే తెలిసింది. ఇది చెప్తున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి కుర్చీ పక్కన గాల్లో గేరు కోసం వెతుకుతుంది. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండు. నోరు ఆగినా చెయ్యి ఆగదు.

ఇందులో "తర్వాత?" అని అడగడానికేముంది? కారణం లేదు, గెలుపు లేదు, నేర్చుకున్నదీ లేదు. పైగా చెప్పిన ప్రతిసారీ మారుతుంది. ఒకసారి ఆ కుర్రాడికి ఇంకా మీసం రాలేదంటాడు, ఇంకోసారి నాకంటే పెద్దవాడే అంటాడు. ఒకసారి చిమ్మచీకటి. ఇంకోసారి వెన్నెల, రోడ్డంతా తెల్లగా ఉంది.

పాత పంచాంగం తీసి చూశాను. 1971 డిసెంబర్ 17 అమావాస్య. ఆయన చెప్పే రాత్రి దానికి ఒకటి రెండు రోజుల ముందు. వెన్నెల ఉండే అవకాశమే లేదు. ఆకాశంలోకి పేల్చే వెలుగు గుండ్లు అయ్యుండొచ్చు. మందుపాతరలు తీసేసిన దారికి రెండు పక్కలా తెల్ల పట్టీ కడతారు, అది అయ్యుండొచ్చు. ఆయన్ని అడిగితే "వెన్నెలేనమ్మా" అన్నాడు.

ఆ రోజుల్లో ఆయన రాసిన ఉత్తరం ఒకటి నాయనమ్మ దాచింది. "నేను ఇక్కడ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." అంతే, కింద సంతకం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఇలాంటి మాటల్ని ముందే కార్డు మీద అచ్చువేసి ఇచ్చింది. నేను బాగున్నాను, ఆసుపత్రిలో చేరాను, అని వరసగా ఉంటాయి. తమకు వర్తించని వాక్యాలు కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. అంతకుమించి ఒక్క మాట రాసినా కార్డు చింపేస్తామని పైనే ఉండేది. బాబాయిని అలా ఎవరూ కట్టడి చెయ్యలేదు. నాయనమ్మకి ఆయన రాయగలిగింది అంతే.

రక్తం ఎక్కువ పోస్తే నిజం చిక్కబడుతుందని నమ్మే రచయితలున్నారు. నేను నమ్మను. బాబాయి కథలో రక్తం అసలు రాదు.

ఈ పని మొదలుపెట్టాక భీష్మపర్వం మళ్ళీ చదివాను. సంజయుడు యుద్ధభూమి నుంచి పరుగున వచ్చి ధృతరాష్ట్రుడికి ముందు చెప్పేది, భీష్ముడు పడిపోయాడని. యుద్ధం ఎలా మొదలైందో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆ తర్వాతే. ద్రోణుడి విషయంలోనూ అంతే, కర్ణుడి విషయంలోనూ అంతే. చావు ముందే తెలిసిపోయాక, ఏమవుతుందోనన్న కుతూహలానికి చోటుండదు. ఇక మిగిలింది "ఎలా?" అని ఏడుస్తూ అడగడమే. స్త్రీపర్వానికి వచ్చేసరికి ఆ కాస్త వరస కూడా ఉండదు. గాంధారి కృష్ణుడికి ఒక్కొక్క శవాన్నీ చూపిస్తూ పోతుంది. కౌరవుల వైపు పోరాడిన భూరిశ్రవుడి భార్య, అర్జునుడి బాణానికి తెగిపడిన భర్త చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆ చెయ్యి తనని ఎలా తాకేదో చెప్పుకుని ఏడుస్తుంది. గెలిచినవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఆ గెలుపు ఆమె ఒళ్ళో ఉన్న చేతిని అతికించలేదు.

బాబాయి కూడా సంజయుడిలాగే మొదలుపెడుతున్నాడని అప్పుడు తట్టింది. అందుకే నా రాత కూడా ఆ కుర్రాడు బతకలేదన్న వాక్యంతోనే మొదలవుతుంది. మీసం రాని కుర్రాడు, వయసులో పెద్దవాడు, చీకటి, వెన్నెల, అన్నీ ఆయన చెప్పినవి చెప్పినట్టే ఒకదాని కింద ఒకటి రాశాను. వాటన్నిటినీ కలిపి ఒకే కథ చేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. ఎవరి మాట వినాలో తెలియక ఆయన నలిగిన ఆ నలుగుడు మాత్రం పోతుంది.

బాబాయి కొడుక్కి ఇది నచ్చలేదు. "అక్కా, కనీసం ఆ వెన్నెల తీసేయ్. ఎవరైనా పంచాంగం చూస్తే నాన్న చెప్పిందంతా అబద్ధమనుకుంటారు" అన్నాడు. వాడి భయం సరైనదే. ఒక్క తప్పు పట్టుకుని మొత్తం కొట్టిపారేసేవాళ్ళకి కొదవలేదు. నేను వెన్నెల ఉంచి, దాని కిందే అమావాస్య సంగతి కూడా రాశాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు. అచ్చుకిచ్చేముందు బాబాయిని కూర్చోబెట్టుకుని ముగ్గురం మాట్లాడుకోవాలి.